రోమన్ కాలపు ముఖపు కుండలు, అస్థికల కుండలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లోనో జర్మనీలోనో ఉంటున్న మనవాళ్లు వీకెండ్‌లో పిల్లల్ని మ్యూజియంకి తీసుకెళ్తే, గాజు పెట్టెలోంచి తమనే చూస్తున్న ఒక మట్టికుండ ఎదురవుతుంది. కళ్లు, ముక్కు, ఒక్కోసారి గడ్డం కూడా ఉంటాయి. కింద చీటీ మీద "దహనం చేసిన ఎముకలు ఉన్న కుండ" అని రాసి ఉంటుంది. అక్కడి నుంచి పిల్లల ప్రశ్నలు మొదలవుతాయి. ఆ ప్రశ్నలకీ, పెద్దవాళ్లు అడిగేవాటికీ జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా మాట్లాడేది రైన్ నది తీరం గురించి, రోమన్ల పాలనలో ఉన్న బ్రిటన్ గురించి.

ముఖపు కుండ అంటే ఎలా ఉంటుంది?

ముందు మామూలు కుండే. సారె మీద చేసిన గుండ్రటి పొట్ట, ఇరుకైన అడుగు, బయటికి మడిచిన అంచు. మన ఇళ్లలో ఒకప్పుడు పప్పులు దాచుకున్న కుండల సైజు అనుకోండి. మట్టి కాస్త బిగిశాక, ఇంకా తడి పూర్తిగా ఆరకముందు, కుమ్మరి ఇంకో మట్టి ముద్ద తీసుకుని సన్నటి తీగలా నలిపేవాడు. ఆ తీగని కుండ భుజం మీద, అంచుకి కాస్త కిందుగా అతికిస్తే కనుబొమలు అయ్యాయి. రెండు కనుబొమలూ మధ్యలో కలిసి అలాగే కిందికి జారి ముక్కు అవుతాయి. అంటే కనుబొమలు, ముక్కు అన్నీ ఒకే గీత. రెక్కలు చాపిన పిట్టలా ఉంటుంది. కళ్లకి రెండు చిన్న ఉండలు పెట్టి, నొక్కి, మధ్యలో పుల్లతో ఒక గాటు పెడతాడు. కాఫీ గింజని బోర్లా తిప్పితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. నోటికి ఇంకో గాటు. కొన్నిటికి చెవులు, కొన్నిటికి పుల్లతో పొడిచిన చుక్కల గడ్డం ఉంటాయి.

కొన్ని కుండలకి అంచు చుట్టూ, లేదా మెడ చుట్టూ, కజ్జికాయ అంచు మడిచినట్టు వేలితో నొక్కిన మట్టి పట్టీ కూడా ఉంటుంది. ధూపం వేసే మట్టి పాత్రలకి కూడా ఇదే రకం పట్టీ ఉండేది. అందుకే ఈ కుండలకి పూజతో ఏదో సంబంధం ఉందని చాలామంది అనుమానం.

అందంగా ఉంటాయా అంటే, ఉండవు. మంచి పనివాడి చేతిలో ఐదు నిమిషాల పని అది. అయినా ఆ ఐదు నిమిషాల ముఖం రెండు వేల ఏళ్ల తర్వాత కూడా మనల్ని ఆపి తనవైపు చూసేలా చేస్తుంది.

ఇవి అస్థికలు పెట్టడానికే ప్రత్యేకంగా చేసినవా?

అందరూ పొరబడేది ఇక్కడే. మ్యూజియం చీటీలు కూడా ఈ పొరపాటుకి కొంత కారణం.

లాటిన్‌లో కుండని "ఒల్లా" అంటారు. వంట కుండ ఒల్లానే, అస్థికల కుండా ఒల్లానే. రోమ్ నగరంలో భూమిలోకి తొలిచిన సామూహిక సమాధులు ఉండేవి. గోడల నిండా చిన్న చిన్న గూళ్లు, ఒక్కో గూట్లో ఒకటో రెండో కుండలు. చూడటానికి పావురాల గూళ్లలా ఉంటాయని వాటికి "కొలంబారియం" అన్న పేరు స్థిరపడింది. వాటి మీది శాసనాల్లో ఫలానావారికి ఇన్ని ఒల్లాలు అని లెక్క రాసుకున్నారు. చోటుని కొలవడానికి కూడా అదే మాట వాడారన్నమాట.

రాష్ట్రాల్లో, అంటే రోమ్ బయటి ప్రాంతాల్లో, ఇది ఇంకా సాదాగా ఉండేది. బ్రిటన్‌లో దొరికే అస్థికల కుండల్లో ఎక్కువ భాగం వంటింట్లోంచి వచ్చినవే. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని డార్సెట్ ప్రాంతంలో నల్లగా నునుపు పట్టించిన ఒక రకం వంటకుండ తయారయ్యేది. క్రీ.శ. 120 ప్రాంతం నుంచి సైన్యం దాన్ని టోకున తెప్పించుకుంది. దేశానికి ఆ చివర, ఉత్తర సరిహద్దున రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర సైనికులు ఆ కుండలోనే గంజి కాచుకున్నారు, చనిపోతే ఆ కుండలోనే మట్టిలోకి వెళ్లారు. కొన్ని అస్థికల కుండల బయట వైపు పొయ్యి మసి ఇంకా అంటుకునే ఉంటుంది.

ముఖపు కుండల సంగతి కూడా దాదాపు ఇంతే. సమాధుల్లో దొరికాయి, ఇళ్ల దగ్గరి చెత్త గుంటల్లో దొరికాయి, సైనిక శిబిరాల్లో దొరికాయి. రైన్ తీరంలోనూ, బ్రిటన్‌లో కోల్చెస్టర్‌లోనూ సమాధుల్లో బాగా కనపడతాయి. బ్రిటన్‌లోని మిగతా చోట్ల ఎక్కువగా మనుషులు కాపురమున్న చోట్లే ముక్కలుగా దొరుకుతాయి. కాబట్టి ముఖం ఉన్న ప్రతి కుండనీ అస్థికల కుండ అనేయకండి. ఎముకలు లోపల ఉంటేనే ఆ మాట వాడాలి.

మరి ఆ ముఖం ఎవరిది? చనిపోయిన మనిషిదా?

కాదనే చెప్పాలి. ఒకే ఊళ్లో దొరికిన కుండల ముఖాలు ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి. అందులో కొన్ని అసలు సమాధి ముఖమే చూడలేదు. మనిషి పోలిక తేవాలనుకుంటే కుమ్మరి ఆ కాఫీ గింజ కళ్లతో సరిపెట్టడు.

దేవుడా? కొన్నిటి విషయంలో కావచ్చు. ఉత్తర ఇంగ్లండ్‌లో కొన్ని కుండల మీద సుత్తి, పటకారు లాంటి కమ్మరి పనిముట్లు అతికించి ఉంటాయి. కార్‌బ్రిడ్జ్ ఈ రకానికి పేరున్న చోటు. అక్కడ కమ్మరి దేవుడిని కొలిచారని తేలిగ్గానే ఊహించవచ్చు. లింకన్ ఊళ్లో దొరికిన ఒక తలకుండ (కుండ మొత్తం తలలా చేసింది) మీద మెర్క్యురీ దేవుడికి అని రంగుతో రాసి ఉంది. మెర్క్యురీ చనిపోయినవాళ్ల ఆత్మలని దారి చూపిస్తూ తీసుకెళ్లే దేవుడు కూడా కాబట్టి, మాట కలుస్తుంది. కానీ ఒక్క కుండ మీద రాసిన పేరుని అన్ని కుండలకీ అంటగట్టడం సరికాదు.

మూడో జవాబు దిష్టి. మన దగ్గర కొత్త ఇంటి ముందు బూడిదగుమ్మడికాయ మీద కోరమీసాలు, గుడ్లు ఉరిమే కళ్లు గీసి కట్టడం మనకి కొత్త కాదు కాబట్టి, ఈ జవాబు తెలుగువాళ్లకి చప్పున నచ్చుతుంది. రోమన్లు కూడా చెడు చూపుకి బాగా భయపడేవాళ్లు. కొన్ని ముఖపు కుండల మీద పురుషాంగం బొమ్మ కూడా అతికించి ఉంటుంది. వాళ్లకి అది బూతు కాదు, రక్ష. పిల్లల మెడలో తాయెత్తులా కట్టేవాళ్లు. లోపల ధాన్యం ఉన్నా, అస్థికలు ఉన్నా, కాపలా కాసే ముఖం ఒకటి పైన ఉంటే మంచిదే కదా. నా మటుకు నాకు ఈ జవాబే మొగ్గు. ఇంట్లోనూ సమాధిలోనూ ఒకే కుండ ఎందుకు పనికొచ్చిందో దీంతోనే అర్థమవుతుంది. అయితే ఈ కుండలు ఎందుకు చేస్తున్నామో రాసిపెట్టిన రోమన్ రచయిత ఒక్కడూ లేడు. కాబట్టి ఇది ఊహ అని గుర్తుపెట్టుకునే చదవండి.

బ్రిటన్‌కి ఇవి ఎలా చేరాయి?

సైన్యంతో. క్రీ.శ. 1వ శతాబ్దం మొదట్లో రైన్ నది వెంబడి ఉన్న సైనిక శిబిరాల దగ్గర ముఖపు కుండలు వాడుకలో ఉన్నాయి. క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి బ్రిటన్ మీదికి సైన్యాన్ని పంపినప్పుడు, రైన్ తీరపు నోయిస్ శిబిరంలో ఉన్న 20వ లెజియన్ (లెజియన్ అంటే రోమన్ల పెద్ద సైనిక దళం) కూడా సముద్రం దాటింది. అది కోల్చెస్టర్‌లో మకాం వేసింది. క్రీ.శ. 49లో లెజియన్ ముందుకు కదిలాక, అదే చోట రిటైరైన సైనికులకి భూములిచ్చి కొలోనియా అనే రోమన్ ఊరు పెట్టారు. వాళ్లతో వాళ్ల అలవాట్లూ ఉండిపోయాయి, వాళ్ల అవసరాలు తెలిసిన కుమ్మరులూ ఉన్నారు. కోల్చెస్టర్‌లో ముఖపు కుండలు సమాధుల్లో ఎందుకు అన్ని దొరుకుతాయో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇటలీలో రోమన్ల కంటే ముందు వెలిగిన ఎట్రుస్కన్లు అనే జనం మనిషి తల మూత ఉన్న అస్థికల కుండలు చేశారు, కియూసీ ఊరివి బాగా పేరున్నవి. అవి క్రీస్తుకి పూర్వం 7, 6 శతాబ్దాల నాటివి. మధ్యలో కొన్ని వందల ఏళ్ల ఖాళీ ఉంది. అందుకని దాని నుంచే ఇది వచ్చిందని గీత గీసి చెప్పలేం.

శవాన్ని దహనం చేయడం బ్రిటన్‌కి రోమన్లే నేర్పారా?

లేదు. ఆగ్నేయ ఇంగ్లండ్‌లో రోమన్లు రాకముందే, క్రీ.పూ. 1వ శతాబ్దంలోనే దహనం చేసి కుండలో పెట్టేవాళ్లు. కెంట్‌లోని ఎయిల్స్‌ఫర్డ్‌లో అలాంటి శ్మశానాన్ని ఆర్థర్ ఎవాన్స్ 1890లో ప్రచురించాడు. తర్వాత క్రీట్ ద్వీపంలో క్నోసోస్ అనే పురాతన రాజభవనాన్ని తవ్వింది ఈయనే. అక్కడి కుండలు పొడుగ్గా, కింద పీఠంతో, నాజూగ్గా ఉంటాయి. రోమన్లు వచ్చాక ఆ నాజూకు పోయి వంటకుండలు వచ్చాయి. అంటే పాలకులు మారితే కుండలు మారాయి, చితి మారలేదు.

చితి దగ్గరి నుంచి కుండలోకి చేరేదాకా ఏం జరిగేది?

క్రీ.పూ. 450 ప్రాంతపు రోమన్ల తొలి రాత చట్టం, పన్నెండు ఫలకాల చట్టం ప్రకారం ఊరి లోపల పూడ్చకూడదు, కాల్చకూడదు. అందుకే రోమన్ ఊరు ఎక్కడున్నా శ్మశానం ఊరి బయట, బాట పక్కన ఉంటుంది. ఊళ్లోకి వచ్చేవాళ్లందరూ ముందు చనిపోయినవాళ్ల పేర్లు చదువుకుంటూ రావాలి.

చితి రెండు రకాలుగా ఉండేది. ఒక గొయ్యి తవ్వి, దాని మీదే చితి పేర్చి, కాలింది కాలినట్టు అందులోనే పూడ్చేస్తే అది "బుస్టుమ్". అందరికీ కలిపి ఒక దహన స్థలం ఉండి, అక్కడ కాల్చి ఎముకలు ఏరుకుని వేరే చోట పాతిపెడితే ఆ స్థలం "ఉస్ట్రీనా". కుండ అవసరం వచ్చేది రెండో పద్ధతిలో.

చితి ఆరాక ఇంటివాళ్లు నిప్పుల మీద ద్రాక్షసారా పోసేవాళ్లు. ఎముకలు ఏరి, మళ్లీ ద్రాక్షసారాతోనూ పాలతోనూ తడిపి, గుడ్డతో ఆరబెట్టి కుండలో వేసేవాళ్లని లాటిన్ కవిత్వంలో ఉంది. పాలు పోసి అస్థికలు ఏరడం చూసిన తెలుగువాళ్లకి ఇది చదివితే ఒళ్లు ఒక్కసారి జలదరిస్తుంది. తొమ్మిదో రోజున సమాధి దగ్గర భోజనం ఉండేది. పోలిక ఇక్కడితో ఆగుతుంది. మనం అస్థికలని నీళ్లలో కలిపేసి చేతులు ఖాళీ చేసుకుంటాం. వాళ్లు పాతిపెట్టి, ఏటా అక్కడికే తిరిగి వచ్చేవాళ్లు.

కుండలో మనిషి అస్థికలన్నీ ఉంటాయా?

ఉండవు. పెద్దవాళ్లని దహనం చేస్తే సుమారు 1 నుంచి 3.5 కిలోల దాకా ఎముక మిగులుతుంది. తవ్వకాల్లో దొరికే కుండల్లో చాలాసార్లు అంతకంటే బాగా తక్కువే ఉంటుంది. కొన్నిట్లో పిడికెడే. ఏరినంత ఏరారు, దొరికినంత వేశారు. గుర్తుకి కొంత సరిపోయిందేమో. మిగతాది చితి బూడిదతో కలిసి పక్క గుంటలోకి వెళ్లేది.

కుండతో పాటు ఇంకేం పెట్టేవాళ్లు?

ఎర్రగా నిగనిగలాడే గాల్ దేశపు (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) గిన్నెలు, ఒక కూజా, దీపం, పరిమళ తైలం సీసా, చనిపోయినవాళ్లని నది దాటిస్తాడని నమ్మిన పడవవాడికి ఇవ్వడానికి ఒక నాణెం. బూట్ల మేకులు చాలా దొరుకుతాయి. తోలు పోయి మేకులు మాత్రం అరికాలు ఆకారంలో మట్టిలో మిగిలిపోతాయి. దూరం నడవాలని అనుకుని కాబోలు.

కొన్ని కుండలకి కావాలని చిల్లు పెట్టినట్టు ఉంది. ఎందుకు?

పొయ్యి మీద వాడుకోలేనట్టు చేయడానికి అని ఒక మాట. కుండ కూడా చనిపోవాలి, అప్పుడే అది చనిపోయినవాళ్లది అవుతుంది. మన దగ్గర కర్త భుజం మీద నీళ్ల కుండ పెట్టుకుని తిరుగుతుంటే దానికి చిల్లులు పెట్టి, చివరికి వెనక్కి వదిలేసి పగలగొట్టడం చూసినవాళ్లకి ఈ ఆలోచన విడమరచి చెప్పక్కర్లేదు.

కానీ తొందరపడకండి. బ్రిటన్‌లో ఇళ్ల మధ్య దొరికిన మామూలు కుండలకి కూడా ఇలాంటి చిల్లులు ఉన్నాయి. కొన్నిటిని జల్లెడలా వాడి ఉంటారు, కొన్నిట్లో మొక్కలు పెంచి ఉంటారు. చిల్లు బయటి నుంచి పెట్టారా, లోపలి నుంచా, కాల్చకముందా, కాల్చాకా అన్నది చూడకుండా ఏదీ తేల్చకూడదు.

సమాధిలోకి గొట్టం పెట్టడం నిజమేనా?

నిజమే. వేల్స్‌లోని కార్లియన్‌లో 1927లో ఒక సీసపు డబ్బా బయటపడింది. లోపల దహనం చేసిన ఎముకలు. డబ్బా మూత నుంచి నేల పైదాకా ఒక సీసపు గొట్టం. పైనుంచి ద్రాక్షసారా పోస్తే నేరుగా అస్థికల మీదికి దిగుతుంది. కార్లియన్ 2వ లెజియన్ శిబిరం, ఆ డబ్బా ఇప్పుడు అక్కడి రోమన్ లెజియన్ మ్యూజియంలో ఉంది.

సీసం కొనలేనివాళ్లకి ఇంకో దారి ఉండేది. ఇటలీలో ఓస్టియా దగ్గర ఈసోలా సాక్రా శ్మశానంలో నూనె, ద్రాక్షసారా రవాణా చేసే పెద్ద జాడీలని మెడ దాకా భూమిలో పాతిపెట్టారు. పైకి మెడ మాత్రం కనపడుతుంది. అదే గుర్తు, అదే గొట్టం.

ఏటా ఫిబ్రవరి 13 నుంచి 21 దాకా పరెంటాలియా అని పెద్దల రోజులు ఉండేవి. ఓవిడ్ కవి చెప్పిన ప్రకారం పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక పెంకు మీద పూలదండ, కాసిని గింజలు, చిటికెడు ఉప్పు, ద్రాక్షసారాలో నానబెట్టిన రొట్టె, కొన్ని వయొలెట్ పూలు చాలు.

చిన్నపిల్లల్ని కూడా దహనం చేసేవాళ్లా?

పళ్లు రాని పిల్లల్ని దహనం చేసే ఆచారం లేదని రోమన్ రచయిత ప్లైనీ రాశాడు. మన దగ్గరా పసివాళ్లని పూడ్చడమే ఆచారం. రోమన్ రాష్ట్రాల్లో పసిపిల్లలని అడ్డంగా కోసిన జాడీల్లో, పెంకుల కింద, ఒక్కోసారి ఇంటి చూరు కింద పెట్టారు. ఊరి బయటే పూడ్చాలన్న చట్టాన్ని వీళ్ల విషయంలో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

మామూలు మనిషికి అంత్యక్రియల ఖర్చు ఎక్కడి నుంచి వచ్చేది?

చిట్టీల నుంచి. నేను సరదాకి అనడం లేదు.

రోమ్‌కి దగ్గర్లోని లనూవియమ్‌లో క్రీ.శ. 136 నాటి శాసనం ఒకటి ఉంది. డయానా దేవత, చనిపోయాక దేవుడిగా కొలిచిన ఆంటినోవస్ పేర పెట్టుకున్న ఒక సంఘం నియమాలు అవి. చేరడానికి 100 సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు), ఒక జాడీ మంచి ద్రాక్షసారా. తర్వాత నెలకి 5 అస్సులు, అంటే చిల్లర నాణేలు. నాలుగు అస్సులు ఒక సెస్టర్స్ కాబట్టి ఏడాదికి 15 సెస్టర్స్‌లు అవుతుంది. బకాయి లేకుండా కట్టినవాడు చనిపోతే 300 సెస్టర్స్‌లు ఇస్తారు, అందులో 50 చితి దగ్గరికి వచ్చినవాళ్లకి పంచాలి. 20 మైళ్ల అవతల చనిపోతే సంఘం తరఫున ముగ్గురు వెళ్లి పని చూసుకోవాలి. ఆత్మహత్య చేసుకుంటే ఏమీ రాదు.

బానిసలు కూడా సభ్యులే. బానిస చనిపోయాక యజమాని మొండికేసి శవాన్ని ఇవ్వకపోతే, బొమ్మకి అంత్యక్రియలు చేయాలని రాసుకున్నారు. శాసనం మొత్తంలో నన్ను బాగా కదిలించిన వాక్యం ఇదే. రాసుకున్నారంటే, అలాంటి యజమానుల్ని వాళ్లు చూసే ఉంటారు.

సైన్యంలో వేరే ఏర్పాటు. లెజియన్‌లో కోహర్ట్‌లు అనే పది భాగాలకి పది డబ్బు సంచులు ఉండేవనీ, పదకొండో సంచిలో అందరూ కొంత వేస్తే అది చనిపోయినవాళ్ల ఖర్చుకి పనికొచ్చేదనీ సైన్యం గురించి రాసిన రోమన్ రచయిత వెజీషియస్ చెప్పాడు. ముఖపు కుండలో పాతిపెట్టిన సైనికుడి వెనక ఈ పదకొండో సంచి ఉండి ఉండవచ్చు.

డబ్బున్నవాళ్లు కూడా మట్టికుండలోనేనా?

వాళ్లకి గాజు, సీసం, రాయి ఉండేవి. రైన్ తీరంలో, గాల్‌లో నీలం ఛాయ ఉన్న మందపాటి గాజు జాడీలు అస్థికలకి బాగా వాడారు. పగలకుండా వాటిని సీసపు తొడుగులోనో రాతి పెట్టెలోనో పెట్టేవాళ్లు. కోల్చెస్టర్‌లో 20వ లెజియన్ సెంచూరియన్ (సైనిక అధికారి) ఫాసిలిస్ సమాధిరాయి 1868లో దొరికింది. నిలువెత్తు సైనికుడి శిల్పం అది, విముక్తి పొందిన అతని బానిసలు ఇద్దరు పెట్టించారు. దాని దగ్గరే ఎముకలున్న సీసపు డబ్బా కూడా దొరికింది.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్. క్రీ.శ. 211లో ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌లో చనిపోయాడు, అక్కడే దహనం చేసి అస్థికలని రోమ్‌కి తీసుకెళ్లారు. అస్థికలు పెట్టింది ఊదా రంగు రాతి పాత్రలో అని ఆ కాలపు చరిత్రకారుడు డియో కాసియస్ రాశాడు. చావు దగ్గరపడ్డాక ఆ పాత్రని తెప్పించుకుని, చేత్తో తడిమి చూసి, ఈ లోకమే పట్టలేని మనిషిని నువ్వు పడతావు అన్నాడట. అంత మాట అన్నవాడి అస్థికలు కూడా ఆ ఒక్క పాత్రలోనే సరిపోయాయి.

కోల్చెస్టర్ వాజ్ అంటే ముఖపు కుండేనా?

కాదు, కానీ అస్థికల కుండే. 1853లో కోల్చెస్టర్‌లో ఒక సమాధిలో దొరికింది. 23 సెంటీమీటర్ల ఎత్తు, సుమారు క్రీ.శ. 175 నుంచి 200 మధ్య చేసింది. ముఖానికి బదులు చుట్టూ పోరాటాలు ఉన్నాయి. ఒక పక్క ఎలుగుబంటిని అదిలిస్తున్న ఇద్దరు, వాళ్ల పేర్లు సెకుండుస్, మారియో. ఇంకో పక్క ఇద్దరు గ్లాడియేటర్లు, అంటే జనం ముందు ఆటగా పోరాడే యోధులు. డాలు పట్టుకున్నవాడు మెమ్నోన్, ఎదురుగా వలా త్రిశూలం పోగొట్టుకుని ఓటమి ఒప్పుకుంటూ వేలెత్తినవాడు వాలెంటీనుస్. మెమ్నోన్ పేరు పక్కన 9 అంకె ఉంది. తొమ్మిదిసార్లు గెలిచాడనో, తొమ్మిదిసార్లు దిగాడనో దాని అర్థం.

చాలాకాలం ఈ పేర్లని తర్వాత ఎవరో గీకి ఉంటారని అనుకున్నారు. ఈ మధ్య జాగ్రత్తగా పరీక్షిస్తే కుండ ఆవంలో కాలకముందే, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే రాసినట్టు తేలింది. అంటే ఆర్డర్ ఇచ్చి చేయించిన కుండ. మట్టి కూడా స్థానికమే. ఊళ్లో నిజంగా జరిగిన ఆటకి జ్ఞాపకంగా ఎవరో చేయించుకున్నారు, చివరికి అందులోనే చేరాడు లేదా చేర్చబడ్డాడు. లోపలి ఎముకలు నలభై దాటిన, ఈ ఊళ్లో పుట్టని మగమనిషివి. అతను గ్లాడియేటరా, డబ్బు పెట్టి ఆట పెట్టించినవాడా, కేవలం వీరాభిమానా అన్నది కుండ చెప్పదు. వీరాభిమాని అయ్యుండాలని నా కోరిక. మనకి అలాంటివాళ్లు తెలియనివాళ్లేం కాదు.

యార్క్ తలకుండలు వేరా?

వేరే. ముఖపు కుండలో కుండకి ముఖం అతికిస్తారు. తలకుండలో కుండ మొత్తం తలే అవుతుంది, బుగ్గలు, గడ్డం, జుట్టుతో సహా. యార్క్‌లో ఇవి 3వ శతాబ్దం మొదట్లో కనపడతాయి, అంటే సెవెరస్ కుటుంబం అక్కడ ఉన్న రోజుల్లో. ఒక తలకుండ జుట్టు అలలు అలలుగా దువ్వి అచ్చం సెవెరస్ భార్య జూలియా డోమ్నా నాణేల మీది జుట్టులా ఉండటంతో ఆమె పేరే పెట్టేశారు. అది యార్క్‌షైర్ మ్యూజియంలో ఉంది. ఇలాంటి తలపాత్రలు ఉత్తర ఆఫ్రికాలో మామూలు. సెవెరస్ పుట్టింది కూడా అక్కడే, నేటి లిబియాలో. ఆఫ్రికా నుంచి వచ్చిన సైనికుల్లో కుమ్మరి పని తెలిసినవాళ్లు ఉండి ఉంటారన్న వాదన బలంగానే ఉంది.

కుండ దొరికాక లోపల ఏముందో ఎలా చూస్తారు?

పొలంలో తెరవరు. కుండ చుట్టూ కట్టు కట్టి, మట్టితో సహా ఎత్తి ల్యాబ్‌కి తెస్తారు. వీలుంటే ముందు సీటీ స్కాన్. తర్వాత ఒక మనిషి కూర్చుని, 2 సెంటీమీటర్లకి ఒక పొర చొప్పున చెంచాతోనూ చిన్న పుల్లతోనూ మట్టి తీస్తూ, ఏ పొరలో ఏ ఎముక వచ్చిందో రాసుకుంటూ పోతాడు. పుర్రె ముక్కలు పైన ఉన్నాయా కింద ఉన్నాయా అన్నది కూడా సమాచారమే, ఏ వరసలో ఏరి వేశారో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఎముక రంగు చితి సంగతి చెబుతుంది. నల్లగా ఉంటే మంట సరిగ్గా తగల్లేదు, బూడిదనీలం అయితే కాస్త నయం, తెల్లగా ఉంటే బాగా కాలింది. అలా కాలిన ఎముకలో డీఎన్ఏ సాధారణంగా మిగలదు. కానీ ఎముకలో ఉండే స్ట్రాంషియం అనే మూలకం లెక్కలతో మనిషి ఏ ప్రాంతంలో బతికాడో అంచనా కట్టవచ్చు, కార్బన్ పద్ధతిలో కాలం కూడా తేల్చవచ్చు.

ఈ ఆచారం ఎప్పుడు ఆగింది?

2, 3 శతాబ్దాల్లో సామ్రాజ్యం అంతటా దహనం తగ్గి ఖననం పెరిగింది. క్రైస్తవం వల్ల అని చాలామంది చెప్తారు, కానీ క్రైస్తవులు పిడికెడు మంది ఉన్నప్పుడే ఈ మార్పు మొదలైంది. రోమ్‌లో ఉన్నవాళ్లు చెక్కిన రాతి శవపేటికల మోజులో పడితే, మిగతావాళ్లు వాళ్లని చూసి మారారని అనుకోవచ్చు. ముఖం మాత్రం పోలేదు. 4వ శతాబ్దపు బ్రిటన్‌లో కూజాల మెడ మీద చిన్న ముఖాలు కనపడతాయి. అప్పటికి కుండకి అస్థికలతో పని లేదు.

మన తెలుగు నేల మీద దొరికే సమాధి కుండలకీ వీటికీ సంబంధం ఉందా?

లేదు. మన ఊళ్లలో రాకాసి గుళ్లు అని పిలిచే రాతి సమాధుల్లో కుండలు, మట్టి తొట్లు దొరుకుతాయి. కడప జిల్లా శంఖవరంలో దొరికిన పొట్టేలు ఆకారపు మట్టి శవపేటిక చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. చూడదగ్గదే. కానీ అది వేరే జనం, వేరే కథ. కుండకి ప్రాణం పోయాలనిపించడం ఒక్క చోటి మనుషులకే పుట్టిన బుద్ధి అనుకోనక్కర్లేదు.

ఎవరి సమాధినో తవ్వడం తప్పు కాదా?

ఇంగ్లండ్‌లో మనిషి అవశేషాలని కదపాలంటే 1857 నాటి చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఇష్టం వచ్చినట్టు తవ్వడం కుదరదు. ఎక్కువ తవ్వకాలు రోడ్డు వేసేటప్పుడో, ఇళ్లు కట్టేటప్పుడో తప్పనిసరై జరుగుతాయి. జేసీబీ కింద పోవడమా, ల్యాబ్‌లో చెంచాతో తీయడమా అన్నదే అక్కడ ప్రశ్న. ఎముకలని గాజు పెట్టెలో పెట్టాలా వద్దా అన్నది మాత్రం మ్యూజియంల మధ్య ఇంకా తెగని వాదన. కుండని చూపించి ఎముకలని లోపల భద్రంగా ఉంచితే చాలని నా అభిప్రాయం.

ఆన్‌లైన్‌లో ముఖపు కుండ అమ్మకానికి కనపడింది. కొనొచ్చా?

ఎక్కడ దొరికింది, ఎవరు తవ్వారు, ఎప్పుడు దేశం దాటింది అన్న కాగితాలు చూపించమని అడగండి. చూపించకపోతే వదిలేయండి. దొంగ తవ్వకం నుంచి వచ్చిన కుండైతే, లోపలి ఎముకలని గట్టు మీద పారబోసి మరీ ఖాళీ చేసి ఉంటారు. కొత్తగా చేసిన నకిలీ అయితే డబ్బులు పోయినట్టే.

ముచ్చటగా ఉందనిపిస్తే నకలు చేసే కుమ్మరులు ఉన్నారు, వాళ్ల దగ్గర నకలు అని చెప్పే అమ్ముతారు. లేదా మీ ఊళ్లో కుమ్మరి దగ్గర పచ్చి కుండ ఒకటి తెచ్చుకుని మీరే చేసి చూడండి. పిల్లలకి మంచి పని. మట్టి తీగని అతికించే ముందు రెండు వైపులా గీతలు గీసి, కాస్త మట్టినీళ్లు రాయడం మరిచిపోకండి. లేకపోతే ఆవంలోంచి తీసేసరికి ముక్కు ఊడి చేతికొస్తుంది.